గుణించే ముందు చూడండి
(ప్రవేశ పరీక్షలు రాసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కారణాంకాల సాధన)

సంచికలో కవితలు, జోకులు, జ్ఞాపకాలు ఎలాగూ ఉంటాయి. వాటి నడుమ లెక్కల మీద ఒక వ్యాసం ఉంటే పదో తరగతి వాళ్లకు అక్కరకు వస్తుందని ఇది రాస్తున్నాను. చదివి పక్కన పెట్టకండి. కాగితం, పెన్ను ముందర పెట్టుకొని చదవండి.

పదో తరగతి తరువాత మన పిల్లలు ఎక్కువగా రాసేది పాలిసెట్. పాతతరం అన్నలు దీన్నే ‘సీప్’ అనేవారు. ఇందులో గణితానికి 60 ప్రశ్నలు, భౌతికశాస్త్రానికి 30, రసాయనశాస్త్రానికి 30 ఉంటాయి. అంటే ఇంజనీరింగ్ డిప్లొమాకు పోవాలనుకునే వాళ్లకు సగం మార్కులు లెక్కల్లోనే ఉన్నాయి. ఒక్కో ప్రశ్నకు దొరికేది సుమారు ఒక నిమిషం. ఇంటర్ తరువాత రాసే ఎప్‌సెట్ (2024కు ముందు ఎంసెట్) కూడా ఇదే తీరు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితమే.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. పదో తరగతి పరీక్షలు అయిపోగానే ట్రంకు పెట్టె సర్దుకొని ఊరికి పోతాం. ఇటీవలి ఏళ్లలో పాలిసెట్ మే నెలలో జరుగుతున్నది. ఆ నడిమి రోజుల్లో స్టడీ అవర్ ఉండదు, ట్యూటర్ సారు ఉండడు, అడుగుదామంటే పక్కన దోస్తు కూడా ఉండడు. పట్నంలో కోచింగ్‌కు పోయే పిల్లలతో పాటే మనమూ పరీక్ష రాయాలి. అందుకే హాస్టల్‌లో ఉండగానే ఒక పద్ధతి పట్టుబడాలి. ఆ పద్ధతి గురించే ఈ వ్యాసం.

అక్షరం గురించి ఒక మాట

మీ పుస్తకంలో ఎక్స్, వై అని ఉండే చోట ఈ వ్యాసంలో ‘య’, ‘క’ అని రాస్తున్నాను. ఇది నేను కల్పించింది కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని ‘యావత్తావత్’ అని పిలిచి, కురచగా ‘యా’ అని రాశాడు. రెండో తెలియని రాశి ‘కాలక’, కురచగా ‘కా’. మన తెలుగులోనే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని పద్యాల్లో చెప్పాడు. కనుక గణితం ఎక్కడి నుంచో వచ్చిన భూతమనే భయం వద్దు. అక్షరం ఏదైనా ఒకటే, అది ఒక సంఖ్యకు పెట్టిన పేరు, అంతే.

కారణాంకం అంటే ఏమిటి?

12 అనే సంఖ్యను 7 + 5 అని రాయవచ్చు, 3 × 4 అని కూడా రాయవచ్చు. మొదటిది కూడిక, రెండోది గుణకారం. గుణకారంగా రాసినప్పుడు వచ్చే 3, 4 అనేవి కారణాంకాలు. బీజగణితంలోనూ అంతే. కూడికలు, తీసివేతలుగా ఉన్న రాశిని గుణకారంగా మార్చి రాయడమే కారణాంక విభజన.

ఇలా రాస్తే ఏం లాభం? రెండు లాభాలున్నాయి. ఒకటి, రెండు రాశుల లబ్ధం సున్న అయితే వాటిలో ఒకటైనా సున్న కావాలి. కూడికకు ఈ గుణం లేదు. వర్గ సమీకరణాలు సాధించగలుగుతున్నామంటే దీనివల్లనే. రెండు, భిన్నంలో పైన, కింద కొట్టివేయాలంటే అవి కారణాంకాలై ఉండాలి.

మన చెలక లెక్క

మన దగ్గర భూమిని గుంటల్లో కొలుస్తాం. గుంట అంటే 33 అడుగుల చదరం, అంటే 11 గజాల పొడవు, 11 గజాల వెడల్పు. మొత్తం 121 చదరపు గజాలు. 40 గుంటలైతే ఎకరం.

55 గజాల పొడవు, 55 గజాల వెడల్పు ఉన్న చెలక ఒకటి ఉందనుకుందాం. అందులో ఒక మూలన 11 గజాల చదరంలో బావి తవ్వారు. సాగుకు మిగిలింది ఎన్ని గుంటలు?

ఒక పద్ధతి: 55 × 55 = 3025. 11 × 11 = 121. తీసివేస్తే 2904. దాన్ని 121తో భాగించాలి. లెక్క సరిగానే వస్తుంది కాని సమయం పోతుంది, నడుమ ఎక్కడైనా తప్పు దొర్లవచ్చు.

రెండో పద్ధతి: 55లో 11 ఉంది, 11లోనూ 11 ఉంది. ఉమ్మడిగా ఉన్నదాన్ని బయటికి తీద్దాం.
55² − 11² = 11² (5² − 1²) = 121 × 24.
గుంటకు 121 గనుక జవాబు 24 గుంటలు. భాగహారమే అవసరం లేదు.

రెండు దారుల్లోనూ జవాబు ఒకటే. తేడా ఎక్కడుంది? రెండో మనిషి గుణించే ముందు ఒక్క క్షణం ఆగి చూశాడు. ప్రవేశ పరీక్షలో ర్యాంకు తేడా చాలావరకు ఆ క్షణంలోనే తేలుతుంది.

వరుసగా వేసుకోవలసిన ఐదు ప్రశ్నలు

పుస్తకంలో అభ్యాసం పైన శీర్షిక ఉంటుంది. ‘వర్గాల భేదం’ అని ఉంటే ఏ సూత్రం వాడాలో ముందే తెలిసిపోతుంది. పరీక్ష పేపర్లో శీర్షిక ఉండదు. సూత్రాలన్నీ కంఠతా వచ్చిన పిల్లలు కూడా అక్కడ ఆగిపోతారు. కాబట్టి లెక్క చూడగానే ఈ ఐదు ప్రశ్నలు ఇదే వరుసలో వేసుకోండి.

1. అన్ని పదాల్లో ఉమ్మడిగా ఏమైనా ఉందా?
6య²క − 9యక² = 3యక (2య − 3క).
ఎప్పుడైనా మొదటి ప్రశ్న ఇదే. 2య² − 50 చూడండి. పైకి వర్గాల భేదంలా కనబడదు. 2 బయటికి తీస్తే 2(య² − 25) అవుతుంది, అప్పుడు 2(య + 5)(య − 5) అని తేలిపోతుంది.

2. రెండే పదాలు ఉన్నాయా?
నడుమ మైనస్ ఉండి రెండూ వర్గాలైతే: య² − క² = (య + క)(య − క).
ఘనాలైతే: య³ − క³ = (య − క)(య² + యక + క²), య³ + క³ = (య + క)(య² − యక + క²).
య² + క² మాత్రం ఇలా విడిపోదు. దాన్ని (య + క)² అని రాసే అలవాటు ఉంటే ఇవాళే మానుకోండి. య = 3, క = 4 వేసి చూడండి. ఒకటి 25, ఇంకొకటి 49.

3. మూడు పదాలా?
మొదటిదీ చివరిదీ వర్గాలై, మధ్యది వాటి మూలాల లబ్ధానికి రెట్టింపు అయితే అది పరిపూర్ణ వర్గం: 9య² − 30య + 25 = (3య − 5)². కాకపోతే మధ్య పదాన్ని విడదీయాలి.

4. నాలుగు పదాలా?
రెండేసి చొప్పున జతలు కట్టండి.
య³ + 3య² − 4య − 12 = య²(య + 3) − 4(య + 3) = (య + 3)(య² − 4).

5. ఇంకా విడిపోతుందా?
పై లెక్కలో య² − 4 ఇంకా విడిపోతుంది. పూర్తి జవాబు (య + 3)(య + 2)(య − 2). ఇచ్చిన నాలుగు ఆప్షన్లలో సగం విడదీసిన జవాబు కూడా ఉండవచ్చు, జాగ్రత్త.

మధ్య పదం ఎందుకు విడిపోతుంది?

6య² + 7య − 20 తీసుకుందాం. మొదటి గుణకం 6, చివరి పదం −20. వాటి లబ్ధం −120. లబ్ధం −120, మొత్తం 7 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. చివరి పదం మైనస్ కాబట్టి రెండింటి గుర్తులు వేరు, తేడా 7 ఉండాలి. జతలు వరుసగా రాయండి: 1, 120, 2, 60, 3, 40, 4, 30, 5, 24, 6, 20, 8, 15. ఆగండి. 15 − 8 = 7.

6య² + 15య − 8య − 20 = 3య(2య + 5) − 4(2య + 5) = (2య + 5)(3య − 4).

మొదటి, చివరి సంఖ్యలను ఎందుకు గుణించాలి? సారు చెప్పారు గనుక అని ఊరుకోవద్దు. (మ×య + న)(ప×య + ర) అని రాసి గుణించి చూడండి. మొదటి గుణకం మ×ప, చివరి పదం న×ర. మధ్యలో రెండు ముక్కలు వస్తాయి: మ×ర, న×ప. ఆ రెండు ముక్కలను గుణిస్తే మ×ర×న×ప. మొదటిదాన్నీ చివరిదాన్నీ గుణించినా మ×ప×న×ర. రెండూ ఒకటే! అందుకే ఆ లబ్ధంలోనే మధ్య ముక్కలను వెతుకుతాం. కారణం తెలిసిన పద్ధతి పరీక్ష హాల్లో గాబరాపడినా మరిచిపోము.

జత దొరకకపోతే ఎంతసేపు వెతకాలి? దానికీ ఒక పరీక్ష ఉంది. మధ్య గుణకం వర్గం నుంచి, మొదటి గుణకాన్నీ చివరి పదాన్నీ గుణించి వచ్చినదానికి నాలుగు రెట్లు తీసివేయండి. ఇదే విచక్షణి. పై లెక్కలో 49 + 480 = 529, అంటే 23². గుణకాలు పూర్ణసంఖ్యలైనప్పుడు విచక్షణి పరిపూర్ణ వర్గమైతేనే జత దొరుకుతుంది. య² + 5య + 3కి 25 − 12 = 13. ఇది పరిపూర్ణ వర్గం కాదు. వెతకడం ఆపి వర్గ సమీకరణ సూత్రం పట్టుకోండి.

దీని వెనక ఉన్నది శ్రీధరాచార్యుని పద్ధతి. భాస్కరాచార్యుడు తన బీజగణితంలో దీన్ని ఆయన పేరుతోనే చెప్పాడు. రాశిని మొదటి గుణకానికి నాలుగు రెట్లతో గుణించాలి. మన లెక్కలో 4 × 6 = 24.
24(6య² + 7య − 20) = (12య + 7)² − 23².
చూశారా, మూడు పదాల లెక్క వర్గాల భేదంగా మారింది!
= (12య + 30)(12య − 16) = 6(2య + 5) × 4(3య − 4).
రెండు వైపులా 24 పోతే పాత జవాబే. విచక్షణి పరిపూర్ణ వర్గం కావాలని ఎందుకన్నామో ఇక్కడ అర్థమవుతుంది.

కొట్టివేతలో మోసపోవద్దు

(య² − 9) / (య² − 5య + 6) ను సూక్ష్మీకరించమంటే పైన ఒక య², కింద ఒక య² కనబడగానే చెయ్యి దురద పెడుతుంది. రెండూ కొట్టేయాలనిపిస్తుంది. అవి పదాలు, కారణాంకాలు కావు. (3 + 4)/(3 + 1)లో 3లు కొట్టేస్తే 4 వస్తుంది, అసలు విలువ 7/4. ముందు విడదీయాలి:

(య + 3)(య − 3) / (య − 2)(య − 3) = (య + 3)/(య − 2).

య విలువ 3 గాని 2 గాని కాకూడదని గుర్తుంచుకోండి, అప్పుడు మొదటి భిన్నంలో హారం సున్న అవుతుంది.

ఇలాంటి తప్పే ఇంకొకటి. య² = 5య అన్నప్పుడు రెండు వైపులా యతో భాగించి య = 5 అంటే ఒక మూలం పోయినట్టే. అన్నీ ఒక వైపుకు తెచ్చి య(య − 5) = 0 అని రాస్తే 0, 5 రెండూ దొరుకుతాయి.

జవాబు మీద అనుమానం వస్తే ఒక సంఖ్య వేసి చూడండి. పై లెక్కలో య = 4 అనుకుంటే ప్రశ్న విలువ 7/2, జవాబు విలువ కూడా 7/2. నాలుగు ఆప్షన్లు ఉన్న పేపర్లో ఇది గట్టి ఆయుధం. అయితే 0, 1 వేయకండి. వాటి వర్గాలు కూడా అవే గనుక తప్పు జవాబు కూడా సరైనట్టు కనబడవచ్చు. రెండు ఆప్షన్లకు ఒకే విలువ వస్తే ఇంకో సంఖ్య వేయండి.

ఒక్క విద్య, అనేక పాఠాలు

కారణాంకాలు బహుపదుల పాఠంతో అయిపోవు.

సంఖ్యల్లో: (7.83² − 1.17²) / 6.66 ఎంత? వర్గాలు చేయకండి. మొత్తం 9, తేడా 6.66. జవాబు 9.

య + 1/య = 3 అయితే య² + 1/య² ఎంత? య విలువ కనుక్కోబోతే వర్గమూలాల్లో చిక్కుకుంటారు. వర్గం చేసి 2 తీసేయండి: 9 − 2 = 7.

వర్గ సమీకరణాల్లో: య² − 7య + 5 = 0 మూలాల వర్గాల మొత్తం కావాలంటే మూలాలు కనుక్కోనక్కర లేదు. మూలాల మొత్తం 7, లబ్ధం 5. 49 − 10 = 39.

త్రికోణమితిలో: సెక్ అ + టాన్ అ = 4 అయితే సెక్ అ − టాన్ అ ఎంత? సెక్² అ − టాన్² అ = 1 అనేది కూడా వర్గాల భేదమే. లబ్ధం 1 కాబట్టి జవాబు 1/4.

ఇంటర్ వాళ్లకు అవధుల్లో: య విలువ 3కు చేరువవుతుంటే (య² − 9)/(య − 3) అవధి ఎంత? విడదీసి కొట్టివేస్తే య + 3 మిగులుతుంది. జవాబు 6.

డబ్బు ఖర్చు లేని సాధన

గైడు కొనలేకపోయినా లెక్కలకు కరువు లేదు. మీరే తయారు చేసుకోవచ్చు. ఇద్దరు కూర్చోండి. ఒకరు (2య + 3)(య − 7) లాంటి రెండు బ్రాకెట్లు రహస్యంగా రాసుకొని, గుణించి, వచ్చిన రాశిని మాత్రం ఇంకొకరికి ఇవ్వాలి. ఆ రెండోవాళ్లు విడదీయాలి. తరువాత తారుమారు. ఇచ్చినవాళ్లకు గుణకారం, విడదీసినవాళ్లకు కారణాంకాలు వస్తాయి. ఊళ్లో ఒంటరిగా ఉంటే ఇవాళ ఇరవై లెక్కలు తయారు చేసి, జవాబులు వేరే కాగితం మీద దాచి, మూడు రోజుల తరువాత తీసి చేయండి. పాత నోట్సుల వెనక పేజీలు చాలు.

నాలుగు వారాలకు ఇలా పెట్టుకోండి. మొదటి వారం ఉమ్మడి కారణాంకం, సర్వసమీకరణాలు. రెండో వారం మధ్య పదం విడదీయడం. మూడో వారం భిన్నాలు, వర్గ సమీకరణాలు. నాలుగో వారం అన్నీ కలిపి, గడియారం పెట్టుకొని, 20 నిమిషాలకు 20 లెక్కలు. కలిపి చేసే నాలుగో వారాన్ని మాత్రం వదలకండి. శీర్షిక లేని పేపరుకు అలవాటు పడేది అప్పుడే.

ఒక చిన్న నోటుబుక్కులో తప్పులు మాత్రమే రాయండి. ప్రతి తప్పు పక్కన దాని జాతి రాయండి: ‘గుర్తు తప్పింది’, ‘ఉమ్మడి తీయలేదు’, ‘పదాన్ని కొట్టేశాను’, ‘మధ్యలో ఆపాను’. పది రోజుల్లో మీ బలహీనత ఏదో మీకే కనబడుతుంది. ఎక్కువమందికి అది గుర్తుల దగ్గరే ఉంటుంది. బ్రాకెట్టు ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులన్నీ మారతాయి: −(య − 5) = −య + 5.

పరీక్ష హాల్లో వచ్చిన లెక్కలు ముందు చేయండి. ఒక లెక్క మీద నిమిషంన్నర దాటితే గుర్తు పెట్టుకొని ముందుకు పోండి. పాలిసెట్‌లో తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి చివరికి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలవద్దు.

ఎందుకింత శ్రమ?

పాలిసెట్‌లో అర్హత రావడం వేరు, కోరుకున్న కాలేజీలో కోరుకున్న బ్రాంచి రావడం వేరు. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో వెలసిన పాలిటెక్నిక్ మన పాలమూరుదే. మూడేళ్ల డిప్లొమా తరువాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. గురుకుల జూనియర్ కాలేజీకి పోవాలనుకునే వాళ్లకూ ఈ లెక్కలే దిక్కు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల విద్య మన నల్లగొండ గడ్డ మీదే పుట్టిందని మరువకండి. దారులు దగ్గరలోనే ఉన్నాయి. ఆ దారిన పోవడానికి కావలసిన ర్యాంకు మాత్రం మనమే తెచ్చుకోవాలి.

మీ కోసం పది లెక్కలు

విడదీయండి:
1) 12య²క − 18యక²
2) 49య² − 25
3) 3య² − 48
4) య² − 3య − 40
5) 3య² + 11య + 6
6) య³ − 2య² − 9య + 18

విలువ కనుక్కోండి లేదా సూక్ష్మీకరించండి:
7) (య² − 16) / (య² + య − 12)
8) య + 1/య = 4 అయితే య² + 1/య²
9) (6.4² − 3.6²) / 2.8
10) య² − 8య + 3 = 0 మూలాల వర్గాల మొత్తం

జవాబులు (చేసిన తరువాతే చూడండి!): 1) 6యక(2య − 3క) 2) (7య + 5)(7య − 5) 3) 3(య + 4)(య − 4) 4) (య − 8)(య + 5) 5) (3య + 2)(య + 3) 6) (య − 2)(య + 3)(య − 3) 7) (య − 4)/(య − 3) 8) 14 9) 10 10) 58

పదికి ఎనిమిది వస్తే సంతోషించండి. తక్కువ వస్తే తప్పుల నోటుబుక్కు ఇవాళే మొదలుపెట్టండి. అందరికీ మంచి ర్యాంకులు రావాలని కోరుకుంటూ...

– ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, గణిత ఉపాధ్యాయుడు